ఒక్కపొద్దు నాటి నొప్పి

ఆ శనివారం మధ్యాహ్నం పుంగనూరులో వాన వెలిసింది. ఎండా మబ్బూ కలిసిన పల్చటి వెలుగు మా ఇంట్లోకి పాలలా పారుతోంది. తలుచుకుంటే అదంతా కలేమో అనిపిస్తుంది ఇప్పటికీ.

మా అత్త శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. పొద్దుగూకి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఆ రోజు పూలు కడుతూ కడుతూ దారం వదిలేసి గోడకు ఆనుకుంది.

"ఏమత్తా?"

"ఏం లేదు మే. వట్టి కడుపు గదా, గ్యాసు ఎగదన్నతాండాది."

నేనూ నమ్మాను. వాము నీళ్లు ఇవ్వబోయి, ఒక్కపొద్దు చెడుతుందని మానుకున్నాను. వీపు రాస్తూ గోవింద నామాలు చెప్పుకుంటూ కూర్చున్నాను. మల్లెల వాసన, ఆమె ఊపిరి, నా గొంతు అన్నీ ఒకటై ఎక్కడికో తేలిపోతున్నట్టుంది. ఎంతసేపు గడిచిందో తెలియదు.

రవికలు కుట్టే పక్కింటి సాయిబుల అక్క, కుట్టిన రవిక ఇవ్వడానికి వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"అమ్మా, నొప్పి యాడ? ఏలు పెట్టి సూపించు."

అత్త వేలు పెట్టలేకపోయింది. అరచెయ్యి మొత్తం రొమ్ము మీద పరిచింది. "ఈడంతా. రోలు పెట్టినట్టుండాది. దవడ లాగతాంది, ఎడం సెయ్యి గూడా."

అక్క ఆమె నుదురు తాకింది. చల్లటి చెమట.

"గ్యాసు కాదు మే ఇది. మా ఇంటాయనకు గుండెపోటొచ్చినప్పుడు ఇట్లే. అంబులెన్సుకు ఫోను కొట్టు, నామాలు దావలో సెప్పుకుందువు."

అంబులెన్సులో వచ్చినాయన నాలుగు ప్రశ్నలడిగి, ఫోనులో డాక్టరుతో మాట్లాడి, మాత్ర తీశాడు. "నమిలి మింగమ్మా. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు."

అత్త నోరు బిగించింది. "పొద్దు దిగలా. నలభై ఏండ్ల ఒక్కపొద్దప్పా నాది."

బతిమాలాల్సిన నేను ఆమె కొంగు సర్దుతూ కూర్చున్నాను. ఆమె చెప్పేదే ధర్మమేమోనని నా మనసులోనూ ఓ మూల ఉంది. ఆ మాట దాచుకోలేను.

అక్కే అందుకుంది. "మా రంజాను ఒక్కపొద్దు, రోజాలోనే జబ్బు మనిషికి మినహాయింపు ఉండాది. ఏమమ్మా, మీ సామి మనసు అంత గట్టిదా?"

అత్తకు రోషం వచ్చింది. "మా సామినంటావా? ఆయన మనసు ఎన్నపూస!"

తెరిచిన ఆ నోట్లో మాత్ర పెట్టేశాను. ఆమె నమిలింది. అక్కా మాతోనే అంబులెన్సు ఎక్కింది. మదనపల్లె దారంతా తడి కొండలు మంచులో మాతో పాటు నడిచి వస్తున్నట్టే ఉన్నాయి.

గుండెపోటేనని, వేళకు తెచ్చారని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. అత్త బతికింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండా చివర అక్క నమాజుకు నిలబడింది. ముగిసేదాకా నేను ఆమె చెప్పులు చేత పట్టుకొని అక్కడే ఉన్నాను.

తిరిగి చూసి నవ్వింది. "పిచ్చిదానా, కింద పెట్టు మే. ఆ తెగినవాట్ని ఎవురెత్తుకపోతారు!"