నాయనమ్మ దాచిన రెండేళ్లు

ఆధార్ కాగితం కోసం పెట్టె వెతుకుతుంటే పాత డైరీలోంచి నాయనమ్మ ఫొటో జారిపడింది. పింఛను దరఖాస్తుకని టెక్కలిలో తీయించినవాటిలో మిగిలిన పాస్‌పోర్టు ఫొటో. ఫొటోగ్రాఫరు మీద కోపం వచ్చినట్టు చూస్తోంది. నిజానికి ఆ కోపం తాత మీద.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది ఉద్దానం సముద్రపొడ్డున చేపలవేటకెళ్లే ఇల్లు. చూపు మందగించి తాత వేట మానేశాడు. మోకాళ్లు సహకరించక నాయనమ్మ చేపల గంప దించేసింది. వృద్ధాప్య పింఛను వస్తే తప్ప వాళ్లకి గడవదు. దానికి అరవై అయిదేళ్లు నిండాలి, రేషన్ కార్డు ఉండాలి, గ్రామసభలో పేరు ఖాయం కావాలి. ఇంట్లో కాలేజీకి వెళ్లేది నేనొక్కదాన్నే కాబట్టి ఫారం నా చేతికొచ్చింది. నలుగురిలో నోరు పెగలదు గాని, కాగితంతో పనంటే నాకు హాయి. తీరా కార్డు ప్రకారం లెక్కేస్తే తాతకు అరవై మూడు, నాయనమ్మకు అరవై. ఇద్దరూ అర్హులు కారు.

నాయనమ్మ నన్ను పెరట్లో కొబ్బరిచెట్ల కిందికి లాక్కెళ్లింది. "ఓలే గుంటా, నాకు అరవై అయిదు నిండిపోనాయి. మీ తాతకన్నా రెండేళ్లు పెద్దదాన్ని. ఎవురికీ సెప్పకు" అంది. పెళ్లాం పెద్దదని తెలిస్తే సముద్రం మొగుణ్ణి ఉంచేసుకుంటుందని పెళ్లికి ముందే వాళ్లమ్మ భయపెట్టిందట. అందుకే కార్డు రాసేవాళ్లు వచ్చినప్పుడు తాతకన్నా మూడేళ్లు తక్కువ రాయించింది. "పింఛను నేకపోతే గంజి తాగుతాం. ఆ మాట రాయకు" అంది. అబద్ధం రాయలేక, నిజం రాయలేక, నాయనమ్మ ఫారంలో వయసు గడి ఒక్కటీ ఖాళీగా వదిలేశాను.

సభ రోజు బడి వరండాలో అధికారి ఫారం చూసి, "వయసేదమ్మా?" అన్నాడు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నేలచూపులు చూశాను. వెనకనుంచి తాత లేచాడు.

"అరవై అయిదు రాయండి బాబూ. నాకన్నా రెండేళ్లు పెద్దది. నేను మొదట తెప్పెక్కినప్పటికే ఇది గంపెట్టుకుని ఊళ్లమ్మట తిరిగేది."

"ఏటి బావా, అక్కని సేసుకున్నావన్నమాట" అన్నారెవరో. సభంతా నవ్వింది.

"అందుకే గదరా ఇన్నాళ్లూ బయపడి బతికినాను" అన్నాడు తాత.

అధికారి కూడా నవ్వి, ప్రభుత్వ డాక్టరుతో వయసు కాగితం రాయించి, ఫొటోలతో కలిపి తెమ్మన్నాడు.

టెక్కలి బస్సులో నాయనమ్మ తాత పక్కన కూర్చోలేదు. ఫొటో తీయించుకుని బయటికొచ్చాక మాత్రం అడిగింది.

"నీకెవురు సెప్పినారు?"

"పెళ్లినాడే మాయమ్మ సెప్పింది."

"మరి నాతో అననేదేటి?"

"అంటే నువ్వు బయపడి రోజూ ఒడ్డునే కూకుందువు. ఇంక ఏటకెల్లను గదా. ఇప్పుడు సముద్రానికి తెలిస్తే ఏటి?"

తిరుగు బస్సులో నాయనమ్మ తాత కోసం కిటికీ పక్క సీటు ఆపింది.

ఖాళీ గడిలో ఆ రాత్రే అరవై అయిదు రాశాను. ఇద్దరూ లేని ఇన్నేళ్ల తర్వాత ఈ ఫొటో చూస్తుంటే, నాయనమ్మ దాచాననుకున్న ఆ రెండేళ్లు నలభై ఏళ్లకు పైగా తాత దగ్గరే భద్రంగా ఉండి, అవసరమైన రోజున ఆమెకు తిరిగొచ్చాయనిపిస్తుంది.