మామగారి పాటకు సాయిబు కట్టిన వాలు

మొన్న మా అబ్బాయి గుంటూరులో పాటల మిషన్లమ్మే దుకాణానికి తీసుకెళ్లాడు. మీట నొక్కితే చాలు, ముల్లున్న చెయ్యి దానంతటదే లేచి ప్లేటు మీద వాలి, పాటయ్యాక తిరిగి వచ్చి పడుకుంటుందట. ఒకప్పుడు వంటలో నన్ను చెయ్యి తిరిగినదనేవారు. ఇప్పుడు నేను తిప్పకపోయినా, వణుకుతో ఆ చెయ్యి దానంతటదే తిరుగుతోంది. అందుకే ఈ బేరం. వాడు అన్నిటికన్నా తళతళలాడేదాన్ని చూపించి "ఇది చూడమ్మా" అన్నాడు. దాని మీటలు కందిబద్దలంత ఉన్నాయి. నాకు మా మామగారు గుర్తొచ్చారు.

నేను కాపురానికి నరసరావుపేట వెళ్లింది యుద్ధం రోజుల్లో. మామగారు కోర్టు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన రాత ముత్యాల కోవ అని ఊరంతా చెప్పుకునేది. నేను వెళ్లేసరికి ఆ ముత్యాల దారం వదులైంది, చేతులు వణికేవి. సాయంత్రం గ్రామఫోనుకు కీ ఇచ్చి పాట వినడం ఆయన ప్రాణం. ముల్లు మార్చడం అత్తగారి వంతు, దాన్ని ప్లేటు మీద పెట్టడం మాత్రం ఆయనదే. ఇంకొకరు పెట్టిన పాట ఇంకొకరు నమిలిపెట్టిన అన్నం లాంటిదనేవారు. ఒకరోజు ముల్లు జారి, ఆయనకు ఎంతో ఇష్టమైన ప్లేటు మీద అడ్డంగా గీత పడింది. ఆయన పెట్టె మూసేసి, చెవులు మందగించాయి, ఇక పాటలెందుకు అన్నారు. నెల రోజులు ఇల్లు మూగబోయింది. "చెవులు మందగించినయ్యంట! నిన్న దొడ్లో నేను గొణుక్కున్న మాట మాత్రం పొల్లుపోకుండా ఇన్నారు" అని అత్తగారు నా దగ్గర వాపోయేవారు.

మా బావగారు మద్రాసు నుంచి బొమ్మల పుస్తకమొకటి తెచ్చారు. అందులో ప్లేట్లు తనే మార్చుకుని తనే పాడే మిషను ఉంది. అందరం ముచ్చటపడి, మామగారికి ఏ రంగు పెట్టె బాగుంటుందో కూడా తేల్చేశాం. అది కరెంటుతో నడుస్తుందనీ, మా వీధికి కరెంటు స్తంభమే రాలేదనీ చివర్న గుర్తొచ్చింది. రంగు ఎంచినవాళ్లలో నేనే ముందున్నానని ఒప్పుకుంటున్నాను. అప్పుడు అత్తగారు గడియారాలు బాగుచేసే సాయిబుగారికి కబురంపారు.

ఆయన పద్ధతే వేరు. వచ్చి పెట్టె మూతైనా తీయకుండా, గోడవైపు తిరిగి చాప మీద కూర్చున్నాడు. "పంతులుగారూ, మీరొక ప్లేటు పెట్టండి. నేను చూడను, ఇంటా. జబ్బేందో చెవికే తెలుస్తది" అన్నాడు. తర్వాత బావగారి వైపు చెయ్యి ఊపి, "మీరూ అటు తిరగండయ్యా, చానామంది చూస్తుంటే మిషను సిగ్గుపడతది" అన్నాడు. బావగారు బొమ్మల పుస్తకంతో సహా గోడకు మొహం పెట్టారు. తలుపు చాటునున్న నేను కూడా తిరిగాను. మూడుసార్లు కిర్రుమంది. నాలుగోసారి పాట అందుకుంది. సాయిబుగారు తల ఊపి, "ఇంకేం లేదు పంతులుగారూ. ఈ మిషనుకి చెయ్యి నిలవటల్లా. దించేకాడ ఆసరా లేదు దానికి" అన్నాడు.

మర్నాడు వచ్చి, ప్లేటు పక్కన నున్నటి చెక్కవాలు ఒకటి బిగించాడు. ముల్లున్న చేతిని దాని మీద ఆనిస్తే చాలు, మెల్లగా జారి ప్లేటు అంచున దిగుతుంది. దాని ముందు మణికట్టు ఆనుకునేందుకు చిన్న దిండు కూడా పెట్టాడు. మళ్లీ అందరం గోడవైపు తిరిగాం. కిర్రు లేదు, పాటే వచ్చింది. అయిపోయేదాకా ఎవరం ఇటు తిరగలేదు. ఆ రోజు మామగారు అత్తగారితో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కోర్టులో ఇన్నేళ్లు అబద్ధాలు రాశానే. ఇంత మర్యాదైన అబద్ధం ఎవడూ చెప్పలా."

దుకాణంలో నేను తళతళలాడేదాన్ని వదిలి, రూపాయి బిళ్లంత మీట ఉన్నదాన్ని చూపించాను. నొక్కబోతే వేలు రెండుసార్లు పక్కకు పోయింది. సాయానికి మా అబ్బాయి చెయ్యి రానే వచ్చింది. "ఒరేయ్, నువ్వు కాసేపు అటు తిరుగు" అన్నాను. వాడు నా మొహం చూసి, అటు తిరిగాడు. మూడోసారికి మీట దిగింది. పాట మొదలయ్యాక కూడా వాడు ఇటు తిరగలేదు. కాలం వెనక్కి తిరగదంటారు. ఆ పూట మాత్రం, మా అబ్బాయి వీపు చూస్తుంటే, కాస్త తిరిగినట్టే అనిపించింది.