చెల్లి చూపు, అమ్మ మాట

మా చెల్లికి ఐదేళ్ళు నిండినా మాటలు రాలేదు. ఇప్పుడైతే ఆటిజం అంటారు. పందొమ్మిది వందల నలభైలలో మా రెంటచింతలలో దానికి పేరు లేదు. ఆ ఎండలకు పిల్ల నీళ్ళడగలేక ఎక్కడ సొమ్మసిల్లుతుందోనని అమ్మ బెంగ. రోజూ కుండ దగ్గర నిలబెట్టి, గ్లాసు చూపి, "నీళ్ళు, తల్లీ, నీళ్ళు" అని నేర్పేది.

ఒక మధ్యాహ్నం చెల్లి "నీళ్ళు! నీళ్ళు!" అంటూ వచ్చింది. అమ్మ సంబరంగా గ్లాసు అందిస్తే తోసేసింది. అమ్మ చెయ్యి పట్టి లాక్కెళ్ళి, కుండ పైన గోడ మీదున్న బల్లికి ఆనించబోయింది.

"ఏందే అక్కా, నీ కూతురు బల్లిని తాగుద్దా?" అని పక్కింటి పిన్ని పకపకా నవ్వింది.

అప్పటికే నాకు డైరీ రాసే పిచ్చి. తీసి చూస్తే, పాఠం జరిగిన ప్రతిరోజూ "చెల్లి చూపు: బల్లి మీద" అని ఉంది. అమ్మ చూపినదానికి కాక, చెల్లి తాను చూస్తున్నదానికి ఆ మాట తగిలించుకుంది.

"ముందే చెప్పి చావొచ్చుగదరా!" అని అమ్మ నా నెత్తిన మొట్టింది.

"నీళ్ళు" ఎటూ బల్లికి పోయింది గనుక, చూపు నీళ్ళ మీద పడ్డాకే "దాహం" అని నేర్పాలనుకున్నాం. క్షణం ఊరుకోలేని అమ్మ మూడు రోజులు కుండ పక్కన నోరు మూసుకుని కూర్చుంది. నాలుగో రోజు చెల్లి కుండలో చెయ్యి పెట్టి నీళ్ళనే చూస్తుంటే, అమ్మ "దాహం" అని గ్లాసు నోటికందించింది. రోజూ అలాగే చేసింది.

వారం తర్వాత చెల్లి పిన్ని కొంగు పట్టుకుని "దాహం" అంది. పిన్ని హడలిపోయి గోడ వంక చూసింది.

"గోడకేసి చూస్తావేందే, పిల్లకి నీళ్ళియ్యి!" అని అమ్మ అరిచింది.

నీళ్ళనగానే చెల్లి కూడా గోడకేసి చూసింది. తర్వాత రెండు గ్లాసులు తాగింది.