బస్సు మెట్టంత అరుగు

అంతయ్య మేస్త్రీని చూస్తే నాకు ఒళ్లు మండేది. లక్సెట్టిపేట రోడ్డు మీద నాదొక చాయ్ హోటల్. దాని ముందే బస్టాపు. సరిగ్గా అక్కడే నాలుగు రోజులుగా రాళ్లు, ఇసుక కుప్పలు పోసి నా గిరాకీ పాడుచేశాడు.

"ఏంది మేస్త్రీ, గిదేమన్న బతుకమ్మ గద్దెనా?" అన్నాను.

"బస్సు మొదటి మెట్టెంత ఎత్తుందో గంతే కడుతున్న కొండల్. జర ఓపిక పట్టు."

సంగతంతా ఆయన భార్య యాదవ్వది. కూర్చుని బీడీలు చుట్టి చుట్టి ఆమె మోకాళ్లు పట్టేశాయి. అయినా కూరగాయల గంపతో వారం వారం అంగడికి పోయేది. దసరా ముందు బస్సు మెట్టు అందక కింద పడింది. అప్పటినుంచి గడప దాటలేదు. ఆడవాళ్లకు టికెట్ లేదు, నిజమే. ఎక్కడమే చేతకాకపోతే ఏం లాభం! గలగలా మాట్లాడే మనిషి మూగదైపోయింది.

అంతయ్య ఆరేళ్లు సూరత్‌లో పనిచేసి వచ్చాడు. అక్కడ రోడ్డు నడుమ బస్సులకే వేరే దారి ఉందట. బస్టాపు నేల, బస్సు నేల ఒకే ఎత్తట. ఆ అరుగులకు బండలు పరిచినవాళ్లలో ఈయనొకడు. మొదటిసారి మన అలవాటు కొద్దీ కిటికీలోంచి సీటుకు దస్తీ వేయబోయాడట. కిటికీ నిండా అద్దమే! దస్తీ జారి కింద పడింది. కర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ దాన్ని దాటి, వసారాలోంచి ఇంట్లోకి పోయినట్టు బస్సులోకి నడిచిపోయిందట.

"గా ముసలమ్మ నా కండ్లల్లనే ఉన్నది" అనేవాడు.

అరుగు ఆరింది. అంగడి రోజు యాదవ్వ గంపతో, అంతయ్య అరుగు పక్కన మెట్లకు బదులు పెట్టిన వాలు మీదుగా మెల్లగా ఎక్కి నిలబడింది. బస్సు వచ్చింది. ఎప్పటిలాగే ఇరవై అడుగులు ముందుకు పోయి ఆగింది. ఎప్పటిలాగే జనమంతా దాని వెంట ఉరికారు. అరుగు మీద యాదవ్వ ఒక్కతే మిగిలింది. అంతయ్య మొహం చూడలేకపోయాను.

"దిగు, ఎత్తుకొని ఎక్కిస్త" అన్నాడాయన.

"నేను దిగ. నువ్వు నా కోసం కట్టినవు. బస్సే రావాలె!" అంది యాదవ్వ. ఎన్ని నెలలైందో ఆ గొంతు విని!

నాకేమైందో ఏమో, చేతిలో చాయ్ గంటెతోనే ఉరికి డ్రైవర్ కిటికీ కింద నిలబడ్డాను. "ఎన్కకు తియ్యన్నా, నీకు దండం పెడత!" డ్రైవర్ గొణిగాడు. కండక్టర్ దీపిక తల బయటపెట్టి అరుగునూ, దాని మీది మనిషినీ చూసింది. వెనక్కి రమ్మని విజిల్ ఊదింది. బస్సు వచ్చి అరుగుకు ఆనుకుంది. యాదవ్వ ఒక్క అడుగు వేసింది, అంతే, బస్సులో ఉంది.

సాయంత్రం ఆమె బస్సు రోడ్డుకు అవతల ఆగింది. అటు అరుగు లేదు. ఆ సంగతే మాకు తట్టలేదు! నా హోటల్ బల్ల మోసుకుపోయి మెట్టు కింద వేశాను. దాని మీద కాలు పెట్టి దిగిన యాదవ్వ నన్నూ, ఎదురొచ్చిన అంతయ్యనూ ఇద్దరినీ దులిపేసింది.

"ఏందయ్యా, నాకు పోవుడేనా, మల్ల వచ్చుడు లేదా?"

మర్నాడు పొద్దున మిగిలిన ఇసుకను నేనే తట్టకెత్తి రోడ్డు దాటించాను.