సారు కుదిర్చిన మూడో భాగం

ఘనపూర్ బడిలో మూడో పీరియడ్ చెబుతుండగా తరిగొప్పుల నుంచి ఫోన్ వచ్చింది. మా లెక్కల సారు పోయారని ఆయన భార్య చెప్పారు. పిల్లలు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా కుర్చీలో కూలబడ్డాను.

మహబూబాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు బీజగణితం చెప్పేవారు. బోర్డు మీద తప్పు పడితే చెరపనిచ్చేవారు కాదు, చుట్టూ గీత గీసి వదిలేసేవారు. "జర సేపుండనీయిండ్రి. తప్పు గూడ మనకు చెప్తది" అనేవారు.

సంకీర్ణ సంఖ్యకు రెండు భాగాలు: ఒకటి మామూలుది, రెండోది ఐ. ఐని ఐతో గుణిస్తే మైనస్ ఒకటి. క్వాటర్నియన్ అనే మరో రకం సంఖ్యకు నాలుగు భాగాలు. నడుమ మామూలుది, ఐ, జె అని మూడు భాగాల సంఖ్య ఉండి తీరాలని సారు పట్టు. "కుదరదని పుస్తకంల రాసిన్రు, ఎందుకో రాయలె. నేను కుదిర్చిన" అని ఎన్నో ఎండాకాలాలు కూర్చుని రాసిన నోట్‌బుక్ చూసి మాకు రెండు రోజులు పాఠం చెప్పారు. ఆ ముఖంలో వెలుగు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఆ వారమే నా చదువు ఆగిపోవాల్సింది. మిరప ఏరడానికి వలస పోదామని బాపు మూటలు కట్టాడు. పోయేదాన్నే కదా, ఇంకేం భయం అని లేచి నిలబడ్డాను.

"సార్, ఐని జెతోని గుణిస్తే వచ్చేది గూడ గా మూడు భాగాలల్లనే ఉండాలె గద. అండ్ల జె ఎంతుందో, దాన్ని సి అనుకున్న. మల్ల ఐతోని గుణిస్తే సి వర్గం మైనస్ ఒకటి అయితున్నది. సి మామూలు సంఖ్యనాయె, దాని వర్గం మైనస్ ఎట్లయితది?"

సారు వచ్చి చాక్‌పీసు నా చేతిలో పెట్టి, నా బెంచీ మీద కూర్చున్నారు. "చెప్పు బిడ్డా. మేం వింటం."

చెప్పాను. చివరకు ఆయనే మెల్లగా అన్నారు, "ఐ, జె కలిస్తే నాలుగోదాన్ని అడుగుతున్నయి. మనం వద్దన్నా ఊకుంటలేవు." ఓడిపోయిన మనిషి అంత ఆశ్చర్యంగా, అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి మా తండాకు నడిచి వచ్చారు. బాపు హడలిపోయాడు.

"ఏం తప్పు జేసింది సార్?"

"తప్పు నేను జేసిన. నీ బిడ్డ పట్టింది. గది చెప్పిపోదామనే వచ్చిన."

బాపుకు లెక్క అర్థం కాలేదు. అంత పెద్ద సారు తన తప్పు చెప్పుకోవడానికి మా గుమ్మం దాకా రావడం మాత్రం అర్థమైంది. ఆ ఏడు అమ్మా బాపూ ఇద్దరే వలస పోయారు. నేను కాలేజీకి పోయాను.

నిన్న తరిగొప్పులలో సారు ఇంట్లో మేడమ్ ఆ నోట్‌బుక్ నా చేతికిచ్చారు. ఒక్క అక్షరం కొట్టేయలేదు. అన్ని పేజీల లెక్క చుట్టూ పెన్సిల్ గీత ఉంది. చివరి పేజీలో నేను చెప్పిన నాలుగు వరసలు ఆయన దస్తూరీలో ఉన్నాయి, పైన నా పేరు. దాని కింద గమ్‌తో అతికించిన బస్సు టికెట్టు, పక్కన ఆయన రాతలోనే మా తండా పేరు ఉన్నాయి. అచ్చు ఎప్పుడో వెలిసిపోయి తెల్ల కాగితమే మిగిలింది.