సెలవు రోజు లైను

ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. "తీగలమ్మా" అంటే చాలు, ఏ బల్ల కిందనుంచో తల బయటికి వచ్చేది. కంప్యూటర్ల మధ్య వైర్లు లాగడం, లైను ఆగిపోతే అందరి చేతా తిట్లు తినడం ఆమె ఉద్యోగం.

"నడిచినన్నాళ్ళూ నేనెవరో ఎవరికీ తెలీదు. ఆగిందంటే మాత్రం ఇంటిపేరుతో సహా గుర్తొస్తాను" అని నవ్వేది.

సర్వర్ గది ఆమెకు వేరే లోకం. ఆ చల్లదనంలో, ఫ్యాన్ల సన్నటి హోరులో నిలబడితే సగం నిద్రలో ఉన్నట్టుండేది. గోడలోంచి బయటికి పోయే నల్లటి కేబులు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకునేది. వీధుల కిందుగా, పొలాల కిందుగా పోయి పోయి, చివరికి ఎక్కడో సముద్రం అడుగున ఇసుకలో పడుకుంటుంది ఆ దారి. చేపలు దాన్ని ఒరుసుకుంటూ పోతాయి. లోపల ఎవరిదో సెలవు అర్జీ, ఎవరిదో జీతం గొడవ వెలుగై పరిగెడుతుంటాయి.

ఆ సముద్రానికి అవతల ఉంది హెడ్డాఫీసు. ఇన్నాళ్ళూ ఈ బ్రాంచి ఈమెయిళ్ళన్నీ ఈ గదిలోని సర్వర్‌లోనే ఉండేవి. ఇకమీదట అన్నీ తమ దగ్గరికే మార్చాలన్నారు వాళ్ళు. మారిస్తే పక్క బల్లకు రాసిన రెండు ముక్కలు కూడా సముద్రం దాటి, అక్కడి గడప తొక్కి, మళ్ళీ ఇటు రావాలి. అంత రాకపోకలకు లైను చాలుతుందో లేదో ముందు చూడమన్నారు.

"సెలవు రోజు చేసెయ్. ఎవరి పనీ పాడవదు" అన్నాడు మేనేజరు.

అలాగే చేసింది. బ్రాంచి మెయిలంతా ఎంత ఉంటుందో అంత ఉత్తుత్తి బరువును కేబులులోకి తోసి, తెర మీద వేగం చూపించే గీత చూస్తూ కూర్చుంది. ఖాళీ కుర్చీల మీద ఎండ పడుతోంది. గీత ఎగిరి, పైన గాలిపటంలా నిలిచింది. ఎంత ముచ్చటగా ఉందో! ఫోన్లోనే చెప్పేసింది: "లైను చాలుతుంది సార్."

"శభాష్ తీగలమ్మా! రేపు రిపోర్టు పంపించేద్దాం."

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుందామని కుళాయి తిప్పింది. మధ్యాహ్నం వేళ, బిల్డింగులో సగం మంది ఊళ్ళో లేరు. నీళ్ళు ధారగా దూకి చీర తడిపేశాయి. ఆమె అలాగే నిలబడిపోయింది.

చిన్నప్పుడు వాళ్ళు ఉన్నది వరస గదుల ఇంట్లో. అందరికీ ఒకటే కుళాయి. పొద్దున్నే అందరి బిందెలూ చేరితే నీళ్ళు దారప్పోగులా వచ్చేవి. ఆడవాళ్ళు మొత్తుకుంటే ఇంటి ఓనరు వచ్చేవాడు, అదీ అందరూ పనికి పోయాక. కుళాయి తిప్పి "ఇంత ధార వస్తుంటే ఏడుపేంటి?" అని గోడలతో అని వెళ్ళిపోయేవాడు. ఒకసారి జ్వరంతో ఇంట్లో ఉన్న ఆమె ఆ ధారను చూసింది. ఎండలో గాజులా మెరిసింది. ఎంత బాగుందో అనుకుంది.

"కుళాయి కట్టెయ్యవే! కలలు తర్వాత కనొచ్చు" అని లోపల్నుంచి అమ్మ అరిచేసరికి ఈ కుళాయి దగ్గరికి తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"సార్, నిన్నటి టెస్టు చెల్లదు. పనిరోజు మళ్ళీ చేస్తాను."

"నువ్వే కదా చాలుతుందన్నావ్?"

"ఎవరూ లేనప్పుడు చాలింది."

"అందరూ ఉన్నప్పుడు చేస్తే పనులాగిపోతాయమ్మా!"

"ఆగుతాయో లేదో చూడ్డానికే కదా సార్ టెస్టు?"

"హెడ్డాఫీసుకి నేనేం చెప్పను?"

"తీగలమ్మ తొందరపడిందని చెప్పండి. నిజమే కదా."

ఆయన తల పట్టుకుని "సరే, కానియ్" అన్నాడు.

ఆమె భయమంతా నర్సక్క బల్ల గురించి. ఒకప్పుడు ఆస్పత్రిలో నర్సుగా చేసిన ఆవిడ, ఇప్పుడు కంపెనీ మిల్లులో గాయపడ్డవాళ్ళ కేసులు చూస్తుంది. మిల్లులో ఎవరి చెయ్యి నలిగినా ఫొటోలు హెడ్డాఫీసు డాక్టరుకు మెయిల్లో పోవాలి. అక్కడ సరే అంటేనే ఇక్కడ ఆపరేషన్. నెత్తురు ఇక్కడ కారాలి, అనుమతి సముద్రం అవతల పుట్టాలి. ఇంతకంటే సిగ్గుమాలిన పద్ధతి ఉండదని నర్సక్క అనని రోజు లేదు. పద్ధతి మార్చడం తీగలమ్మ చేతిలో లేదు. దారి ఇరుకు కాకుండా చూడటం ఉంది.

"అక్కా, టెస్టు నడిచేటప్పుడు ఫొటోలు పంపు. పాత కేసువే. కొత్తది వద్దు."

"పాతదైతే భయం లేదులే. ఆ వేలు ఎటూ పోయింది" అంది నర్సక్క, నవ్వకుండా.

భోజనాలయ్యాక, ఆఫీసంతా కిటకిటలాడే వేళ, ఉత్తుత్తి బరువును మళ్ళీ కేబులులోకి వదిలింది. గీత లేచింది, తూలింది, తడిబట్టలా జారిపోయింది.

"తీగలమ్మా! నా తెర మీద చక్రం తిరుగుతూనే ఉందే!"

"నాదీ అంతే! ఏం తిప్పావు తల్లీ?"

హెడ్డాఫీసుతో వీడియోలో మాట్లాడుతున్న మేనేజరు ముఖం అవతలి తెర మీద నోరు తెరిచినట్టే బిగుసుకుపోయిందట. అవతలివాళ్ళు ఆవులిస్తున్నాడనుకున్నారు.

నర్సక్క ఫోన్ స్పీకర్లో పెట్టింది. డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి అవతల్నుంచి చెబుతోంది. "ఫొటో తెరుచుకుంటోందండీ... మణికట్టు వచ్చింది... అరచెయ్యి సగం వచ్చింది. వేళ్ళు ఇంకా రాలేదు."

నర్సక్క బల్ల చుట్టూ జనం చేరారు. అవతలి అమ్మాయి ఆగి ఆగి మళ్ళీ అంది. "లేదండీ. వేళ్ళు రాలేదు."

రిపోర్టు ఆ మాటతోనే మొదలుపెట్టింది తీగలమ్మ. మేనేజరు చదివి, ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. తీసెయ్యమంటాడేమో అనుకుంది. "ఉండనీ" అని తనే పంపాడు. సాయంత్రానికి జవాబొచ్చింది. పెద్ద లైను వేసేదాకా మెయిల్ మార్పు ఆపుతున్నారు. ఆ లైను పరీక్ష కూడా పనిరోజే.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేశారు.

"ఏమే, నీ టెస్టు పాసయిందా?" అంది అమ్మ.

"లేదమ్మా, ఫెయిలైంది."

"మరి ఆ మొహంలో అంత వెలుగేంటే?"

ఆమె బకెట్టు పెట్టి కుళాయి తిప్పింది. బిల్డింగంతా ఇళ్ళకు చేరింది. పైన ఎవరో గిన్నెలు తోముతున్నారు, కింద ఎవరో పిల్లలకు స్నానం చేయిస్తున్నారు. నీళ్ళు సన్నగా, అందరికీ పంచుకుంటూ వస్తున్నాయి. బకెట్టు నిండేదాకా ఆమె అక్కడే గోడకు చేరబడి ఆ చప్పుడు వింది.