పదకొండో పేజీ

వనజకు రోత తొందరగా పుడుతుందని ఆ గూడెంలో అందరికీ తెలుసు. పిల్లల ముక్కులు కొంగుతో తుడవడానికి ఆమె వెనకాడదు, ఒకరు తాగిన చెంబుతో నీళ్లు తాగమన్నా తాగుతుంది. ఆమె రోత వేరే రకం. పురుగులు పాకే కందిపప్పు బస్తాకు ఎవరైనా 'నాణ్యత బాగుంది' అని సంతకం పెడితే చాలు, ఆమెకు రోత పుడుతుంది. మణుగూరు దాటి, బొగ్గు లారీల దుమ్ము తగ్గి అడవి మొదలయ్యే చోట ఉందా కోయగూడెం. అక్కడ అంగన్‌వాడీ టీచరుగా పదహారేళ్ల నుంచి ఆమె ఆ సంతకాన్ని చూస్తూనే ఉంది.

సంతకం పెట్టేది సూపర్‌వైజర్ పద్మావతమ్మ. రెండు నెలలకోసారి జీపులో వచ్చేది. వచ్చేది గానీ దిగేది కాదు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, రిజిస్టరు జీపు దగ్గరికే తెప్పించుకునేది.

"లోపలికి రాండ్రి మేడం, పప్పు ఒక్కసారి చూడుండ్రి," అనేది వనజ.

"నువ్వు చూసినవ్ గదా, చాలు."

సంతకం అయ్యాక పద్మావతమ్మ సంచిలోంచి చిన్న సీసా తీసి, రిజిస్టరు ముట్టుకున్న చేతిని శుభ్రంగా తుడుచుకునేది. పురుగుల బస్తాకు సంతకం పెట్టిన చేతికి ఆ సంతకం అంటలేదట, గూడెం పుస్తకం అంటుకుందట! జీపు పోయాక వనజ పప్పును చాటలో పోసుకుని, ఒక్కో పురుగూ ఏరి, పిల్లలకు వండేది. ఏరుతూ ఏరుతూ ఒకరోజు నిర్ణయించుకుంది. ఆ కుర్చీలో తను కూర్చోవాలి. కూర్చుంటే పురుగుల బస్తా ఒక్కటి కూడా ఏ గూడెంలోనూ దిగనివ్వకూడదు.

కుర్చీకి డిగ్రీ కావాలి. వనజ చదివింది ఇంటర్. ముప్పై ఆరేళ్ల వయసులో, రోజూ కాలేజీకి పోకుండా ఆదివారాలు చదువుకునే డిగ్రీలో చేరింది. ఓపెన్‌కాస్ట్ గనిలో టిప్పర్ నడిపే భర్త గోపాలు నవ్వాడు. "నీ కోపానికి డిగ్రీ ఎందుకే, గట్లనే పాసైనట్టు," అన్నాడు. నవ్వినవాడే ప్రతి ఆదివారం బండి మీద రోడ్డు దాకా దింపి వచ్చేవాడు. తెలుగులో రాసే పేపర్లన్నీ వనజ గట్టెక్కింది. మిగిలింది ఒక్కటే, ఇంగ్లీషు. అందులో సగం పాఠాలు, సగం పద్యాలు. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తప్పింది.

ఈసారి తప్పకూడదు. పనిచేస్తున్న టీచర్లకు సూపర్‌వైజర్ పరీక్ష పెడుతున్నారని ఆ ఏడే కబురు వచ్చింది. అంతకు ముందు అలాంటి కబురు వచ్చి తొమ్మిదేళ్లయింది. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు.

మణుగూరులో ఆదివారం క్లాసు చెప్పేది వెంకటనారాయణ సార్. మంచివాడు. టీ తెప్పించి అందరికీ పోయించేవాడు. పాఠం మాత్రం చెప్పేవాడు కాదు. "నోట్స్ ఉన్నది గదా, బట్టీ పట్టుండ్రి," అనేవాడు. ఆ నోట్స్ ఆయన ఎప్పుడో చేత్తో రాసింది. బస్టాండు పక్కన సంపత్ జిరాక్స్ షాపులో దొరుకుతుంది. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీసీ తీసీ అక్షరాలు నల్ల చీమల్లా అయిపోయాయి. విద్యార్థులందరికీ పోస్టులో అసలు పుస్తకం కూడా వచ్చింది, కానీ ఆ కవరు చించినవాళ్లే తక్కువ. ఒకాయన దాన్ని టీవీ కింద ఎత్తు పెట్టుకున్నానని క్లాసులోనే గర్వంగా చెప్పాడు.

వనజ ఆ కవరు చించింది. గూడెం నుంచి మణుగూరుకు ఆటోలు మారి పోవడం గంటన్నర. ఒళ్లో డిక్షనరీ, చేతిలో పుస్తకం. మొదట్లో పద్యాలంటే భయం, ఆ తరువాత విసుగు. పేరు తెలియని పూలు, ఎన్నడూ చూడని మంచు, ఎవరో దొరసాని విసనకర్ర. వెనక పేజీల్లో కవితా పరిభాష అని ఒక పట్టిక. సిమిలీ అంటే ఫలానా దానిలా ఉందని పోల్చడం. మెటఫర్ అంటే ఫలానాదే అనేయడం. పర్సనిఫికేషన్ అంటే ప్రాణం లేనిదాన్ని మనిషిని చేయడం. వీటికి ఇన్ని పేర్లెందుకో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఒక ఆదివారం ఆటోలో రెండు మాటల దగ్గర ఆగిపోయింది. ఎలిజీ అంటే పోయినవాళ్ల కోసం పాడే శోకగీతం. అపాస్ట్రఫీ అంటే ఎదురుగా లేనివాళ్లను, చచ్చిపోయినవాళ్లను, నోరు లేని నదినీ కొండనూ కూడా, పేరు పెట్టి పిలిచి మాట్లాడటం.

మరి అమ్మ చేసేది ఇదే కదా, అనుకుంది వనజ.

గూడెంలో ఎవరు పోయినా ఆడవాళ్లు కూర్చుని పాడి ఏడుస్తారు. పోయినవాణ్ణి పేరుతో పిలుస్తారు. ఏం తిన్నాడో, ఏ పని సగంలో వదిలిపోయాడో, అన్నీ వాణ్ణే అడుగుతారు. అందులో వనజ తల్లి ముత్తక్కది పెద్దగొంతు. కానీ ముత్తక్క అందరికంటే ఎక్కువ పాడింది సొంత కొడుక్కే. వనజ తమ్ముడు దస్రు వానాకాలంలో వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. మూడో రోజు దాకా శవం దొరకలేదు. ఆ మూడు రోజులూ ముత్తక్క ఒడ్డున కూర్చుని వాగుతోనే మాట్లాడింది. "తువ్వాల ఇచ్చినవ్, కట్టె ఇచ్చినవ్, నా పిలగాణ్ణి ఏడ దాచినవే వాగా," అని. పక్కన కూర్చుని గొంతు కలిపింది వనజ.

ఆ ఎలిజీకి ఉదాహరణ పుస్తకంలోనే ఉంది. సముద్రం ఒడ్డున ఒక జాలరి తల్లి. కొడుకు పోయాడు. ఆమె సముద్రాన్ని నిలదీస్తుంది. వల తిరిగిచ్చావు, తెడ్డు తిరిగిచ్చావు, వాణ్ణి ఎందుకివ్వవని. చివరకు తెల్లవారుతుంది. తెల్లవారింది ఊరికి, నాకు కాదు అంటుంది తల్లి. అంతే పద్యం. వనజ ఆటోలో అందరి ముందూ ఏడ్చింది. ఏ దేశందో ఆ ముసలమ్మ, తన తల్లి మాటలే మాట్లాడింది. ఆ ఒక్క రోజు వనజకు ఇంగ్లీషు మీద ప్రేమ పుట్టింది. ఇంత వయసులో చదువుకున్నందుకు సంతోషించింది కూడా.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అదే పద్యానికి నోట్స్‌లో ఏం రాశారో చూసింది. మొదటి రెండు పేజీలు బాగానే ఉన్నాయి. తల్లి, సముద్రం, శోకం. మూడో పేజీ తిప్పితే ఇలా ఉంది: "ఈ విధంగా కవి ఉదయపు ఆనందంతో మన హృదయాలను నింపుతాడు. పద్యమంతటా ఉల్లాసం పొంగిపొర్లుతుంది." కింద గీతలు గీసి సిమిలీలు, మెటఫర్‌లు వరుసగా.

మొదట తనకే ఇంగ్లీషు రాలేదేమో అనుకుంది. మళ్లీ చదివింది. అప్పుడు తెలిసింది. ఆ మూడో పేజీ ఈ పద్యానిది కాదు. దీని తరువాత పొద్దున్నే కూసే పిట్ట మీద ఇంకో పద్యం ఉంది, ఈ ముగింపు దానిది. దీని ముగింపూ దాని మొదలూ ఉన్న అసలు పదకొండో పేజీ సంపత్ మిషన్ దగ్గర ఎప్పుడో ఎగిరిపోయింది. పదికి పన్నెండు అతుక్కుంది. తరువాత ఎవరో పుణ్యాత్ముడు పన్నెండును కొట్టేసి చేత్తో పదకొండు అని నంబరు వేశాడు. అప్పటినుంచి వందలమంది అదే రాస్తున్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, కొడుకు చచ్చిన తల్లి ఉల్లాసంగా ఉందని రాస్తే, దిద్దేవాళ్లు మార్కులు వేస్తున్నారు! వనజకు ఒళ్లంతా కంపరమెత్తింది. ఆ కాగితం పట్టుకున్న వేళ్లకు ఏదో జిగురు అంటినట్టనిపించింది.

తరువాతి ఆదివారం సార్‌కు చూపించింది.

వెంకటనారాయణ సార్ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఆశ్చర్యపడలేదు. "నాకు తెలుసమ్మా," అన్నాడు.

"తెలిసి ఊకున్నరా సార్?"

"ఏం జెయ్యమంటవ్? తొమ్మిదేళ్ల సంది పిల్లలు గిదే రాస్తున్నరు, పాసైతున్నరు. పేపర్లు దిద్దేటోళ్లకు గిదే అలవాటైంది. ఇప్పుడు మారిస్తె వాళ్లూ ఆగం, మీరూ ఆగం."

"కొడుకు సచ్చిన తల్లి సార్. సంతోషమని ఎట్ల రాస్తరు?"

సార్ టీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. "నువ్వు రెండుసార్లు సొంతంగ రాసినవ్. రెండుసార్లు తప్పినవ్. వాళ్లు చదవరు బిడ్డా, కొలుస్తరు. నాలుగు పేజీలున్నయా, గీతలు గీసినవా, టర్మ్స్ ఉన్నయా, అంతే. నీకు డిగ్రీ కావాల్నా, పద్యం కావాల్నా?"

కోపంతో అడగలేదు, మంచిగానే అడిగాడు. అందుకే వనజకు ఇంకా అసహ్యమేసింది. తిడితే ఎదురు తిట్టవచ్చు. ఆ టీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

సొంతంగా నాలుగు పేజీల ఇంగ్లీషు రాయడం ఆమె వల్ల కాదు. సగం పేజీ వస్తుంది, అదీ తప్పులతో. నోట్స్ మొత్తం బట్టీ పట్టి ఆ చివరి ముక్క వదిలేద్దామా అంటే, గీతలు గీసిన టర్మ్స్ అన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. మార్కులు అక్కడే ఉన్నాయి. బట్టీ పడుతూ ఆ వాక్యం దగ్గరికి రాగానే ప్రతిసారీ నోట్లో ఊరిన ఉమ్మి మింగలేక బయటికి పోయి ఉమ్మి వచ్చేది. ఏం తిన్నావని గోపాలు అడిగితే "పుస్తకం" అంది.

పరీక్షలో ఆ పద్యమే పడింది. వనజ రాసింది. తల్లి, సముద్రం, శోకం, పెన్ను సాఫీగా నడిచింది. చివరి ముక్క దగ్గర ఆగింది. హాల్లో చుట్టూ అందరూ రాసేస్తున్నారు. ఒకాయన అప్పుడే స్కేలు పెట్టి ఆ ఉల్లాసం కిందే గీత గీస్తున్నాడు. గోడ గడియారంలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. వనజకు ఒడ్డున కూర్చున్న తల్లి గుర్తొచ్చింది. పప్పు బస్తా గుర్తొచ్చింది. చేతిరుమాలు గుర్తొచ్చింది. ఒక్క ముక్క కదా, అనుకుంది. అడవిలో ఇరవై గూడేల పిల్లలు పురుగుల్లేని పప్పు తింటారు, దిద్దేవాళ్లెవరూ చదవరు కదా, చచ్చినవాడు వచ్చి అడగడు కదా, అనుకుంది. రాసింది. కింద నాలుగు గీతలు కూడా గీసింది.

అరవై రెండు మార్కులొచ్చాయి. ఆ పేపర్లో క్లాసుకు ఫస్టు.

వెంకటనారాయణ సార్ క్లాసు గదికి వనజ ఫోటోతో ఫ్లెక్సీ కట్టించాడు. సూపర్‌వైజర్ పరీక్ష కూడా గట్టెక్కి, ఏడాది తిరగకుండా వనజ ఆ కుర్చీలో కూర్చుంది. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. ప్రతి గూడెంలో జీపు దిగి, చెప్పులు విప్పి, నేల మీద కూర్చుని పిల్లలతో అన్నం తినేది. రెండుసార్లు బస్తాలు వెనక్కి పంపి కాంట్రాక్టరుతో పోట్లాడింది. ఆ చివరి ముక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, గోపాలుకు కూడా.

మూడేళ్ల తరువాత దస్రు కూతురు అరుణశ్రీ అదే డిగ్రీలో చేరింది. తండ్రి పోయినప్పుడు చంటిది. తల్లి మిరపతోటల కూలికి ఊళ్లు పట్టి తిరిగితే నాయనమ్మ ముత్తక్క దగ్గరే పెరిగింది. క్లాసులో ఫ్లెక్సీ చూసి మురిసిపోయి, అత్తను అడగకుండానే సంపత్ షాపులో నోట్స్ తెచ్చుకుంది.

ఎండాకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం వనజ తల్లిని చూడటానికి వెళ్లింది. వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోసి ఉంది. నీడన కూర్చుని ముత్తక్క చింతపండులో గింజలు తీస్తోంది. అరుణశ్రీ గుంజకు ఆనుకుని ఊగుతూ గట్టిగా బట్టీ పడుతోంది. వనజ గడప దగ్గరే ఆ వాక్యాన్ని గుర్తుపట్టింది.

"ఏం సదువుతున్నవే గంతసేపటి సంది?" అని అడిగింది ముత్తక్క. ఆ ఇంట్లో మాటలన్నీ కోయభాషలోనే, మనం తెలుగులో చెప్పుకుంటున్నాం.

"ఒక తల్లి పాట నాయినమ్మా. కొడుకు నీళ్లల్ల పోతడు. నీ లెక్కనే సముద్రాన్ని అడుగుతది, వల ఇచ్చినవ్, తెడ్డు ఇచ్చినవ్ అని."

ముత్తక్క చెయ్యి ఆగిపోయింది. "చెప్పు. ఇంకేమంటది?"

"ఆఖరుకు తెల్లారుతది. అప్పుడు మస్తు సంతోషమైతది. అంతా సంతోషమే."

వనజ "అరుణా" అని పిలవబోయింది. గడప దాటకుండానే ఆగింది.

"ఎవలికి సంతోషం?" అంది ముత్తక్క.

"తల్లికే. గిట్లనే రాసున్నది. అత్త కూడా గిదే రాసింది నాయినమ్మా, క్లాసుకు ఫస్టొచ్చింది. గిది రాసే మేడమైంది."

ముత్తక్క తల తిప్పి కూతురి వైపు చూసింది. పేజీ ఎగిరిపోయిందనీ, సార్‌కు తెలుసనీ, పప్పు బస్తాల కోసమనీ చెప్పడానికి వనజ దగ్గర మాటలు చాలా ఉన్నాయి. మూడేళ్లుగా పేర్చి పెట్టుకున్నవే.

"గట్ల రాస్తెనే ఇస్తరా బిడ్డా కొలువు?"

"అవ్ అమ్మా," అంది వనజ.

ముత్తక్క చెయ్యి చాపి మనవరాలి దగ్గర ఆ కాగితం తీసుకుంది. ఆమెకు చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది. తరువాత ఆ చేతిని కొంగుకు బాగా తుడుచుకుని, మళ్లీ చింతగింజలు తీయడం మొదలుపెట్టింది.

అలా చెయ్యి తుడుచుకోవడం వనజ అంతకు ముందు చాలాసార్లు చూసింది, జీపు పక్కన నిలబడి.